ఓవెన్ వెలగడం లేదా? ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకునే పద్ధతి

"ఓవెన్ అంటుకోవడం లేదండీ, ఏ పార్టు మార్చమంటారు?" అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు బేకరీల నుంచీ హోటళ్ల నుంచీ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. ఏ పార్టు మార్చాలో తేలాలంటే ఓవెన్ ఎక్కడ ఆగిపోయిందో ముందు తేలాలి.

ఓవెన్ వెలగాలంటే నాలుగు పనులు వరసగా జరగాలి. గ్యాస్ రావాలి. స్పార్క్ పడాలి. మంట అంటుకోవాలి. అంటుకున్న మంటను ఓవెన్ గుర్తించాలి. మంట వచ్చి ఐదు సెకన్లకు ఆరిపోతోందంటే మొదటి మూడూ బాగున్నట్టే. అలాంటి ఓవెన్‌కి కొత్త స్పార్క్ ఎలక్ట్రోడ్ వేస్తే డబ్బు దండగ, లోపం మాత్రం తీరకుండా అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ చెప్పేది గ్యాస్ డెక్ ఓవెన్లకూ, హోటల్ రేంజి కింద ఉండే ఓవెన్లకూ, రోటరీ ఓవెన్లలో వాడే గ్యాస్, డీజిల్ బర్నర్లకూ వర్తిస్తుంది.

1. ముట్టుకునే ముందు

ఎల్పీజీ గాలికన్నా బరువైనది. వెలగని ఓవెన్‌లోకి వచ్చిన గ్యాస్ పైకి పోదు. అడుగున, ట్రేల కింద, షాపు నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. పైకప్పు దగ్గరున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఈ గ్యాస్‌ని లాగేస్తుందని నమ్మి చాలామంది మోసపోతారు. పైగా ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వే ప్రమాదం.

- ఒకసారి వెలగకపోతే గ్యాస్ కట్టేసి, ఓవెన్ తలుపు పూర్తిగా తెరిచి, కనీసం 5 నిమిషాలు ఆగండి. ఆ తర్వాతే రెండో ప్రయత్నం.
- వాసన గట్టిగా వస్తుంటే సిలిండర్ వాల్వ్ కట్టేయండి. ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు. తలుపులు, షట్టర్ బార్లా తెరిచి అందరినీ బయటకు పంపండి. బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి. ఎల్పీజీ లీకులకు పగలూ రాత్రీ పనిచేసే నంబరు అది.
- లోపలి పని మొదలుపెట్టేముందు ఎంసీబీ దించండి. ఆటోమేటిక్ ఓవెన్లలో స్పార్క్ ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులు ఇస్తుంది.
- అగ్గిపుల్లతో లీకు చూడకండి. సబ్బు నీళ్లు చాలు.

డిసెంబరులో క్రిస్మస్, కొత్త సంవత్సరం కేకుల ఆర్డర్లు మీద పడినప్పుడు ఈ 5 నిమిషాలు చాలా పెద్దవిగా తోస్తాయి. అయినా తగ్గించకండి. ఓవెన్ తలుపు ఊడి మనుషుల మొహాలు కాలేది వరసగా మూడోసారో నాలుగోసారో బటన్ నొక్కినప్పుడే.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- మల్టీమీటర్. డీసీ మిల్లీవోల్టులు చూపించేది కావాలి. లైన్ టెస్టర్ ఒక్కటీ సరిపోదు.
- పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు, మీటరున్నర. గ్యాస్ ప్రెషర్ చూడటానికి.
- 8, 9, 10 నంబర్ల స్పానర్లు, చిన్న స్క్రూడ్రైవర్లు.
- సన్నరకం ఎమరీ పేపర్, పాత టూత్‌బ్రష్, పొడి గుడ్డ.
- పాత్రలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు, స్ప్రే సీసాలో.
- టార్చి, చిన్న అద్దం.
- ఓవెన్ వెనక రేటింగ్ ప్లేటు ఫొటో. గ్యాస్ రకం, ప్రెషర్, కిలోవాట్లు దాని మీదే ఉంటాయి.

3. మీ ఓవెన్ ఏ రకమో తేల్చుకోండి

నాబ్ నొక్కిపట్టి పైలట్ (పెద్ద బర్నర్‌ని అంటించే చిన్న మంట) వెలిగించి, కొన్ని సెకన్లు ఆగి వదిలే రకమైతే మంటను కాపలా కాసేది థర్మోకపుల్, అంటే మంట వేడికి కొద్దిపాటి వోల్టేజీ పుట్టించే కడ్డీ. దీనికి కరెంటు అక్కర్లేదు. లోపం వస్తే 7వ భాగానికి వెళ్లండి.

స్విచ్ వేస్తే టకటకమని స్పార్క్ వచ్చి తనంతట తానే వెలిగే రకమైతే కంట్రోల్ బాక్స్, స్పార్క్ ఎలక్ట్రోడ్, మంటను పసిగట్టే సెన్సర్ రాడ్ ఉంటాయి. కొన్నిట్లో ఒకే రాడ్ రెండు పనులూ చేస్తుంది. వెలగకపోతే ఎర్రలైటు వచ్చి లాకౌట్ పడుతుంది, అంటే రీసెట్ నొక్కేదాకా ఓవెన్ మళ్లీ వెలగదు. దీనికి 6, 8 భాగాలు.

అమెరికా తరహా రేంజిల కింద ఓవెన్లలో ఎర్రగా కాలే ఇగ్నైటర్ కడ్డీ ఉండొచ్చు. కడ్డీ ఎర్రబడుతున్నా గ్యాస్ తెరుచుకోవడం లేదంటే ఎక్కువసార్లు కడ్డీయే బలహీనపడి ఉంటుంది. ఎర్రబడింది కదా, బాగానే ఉందనుకుని గ్యాస్ వాల్వ్ మార్చేస్తారు. వాల్వ్ తెరుచుకోవాలంటే ఆ కడ్డీ గుండా తగినంత కరెంటు పారాలి. పాతబడిన కడ్డీ వెలుగిస్తుంది, చాలినంత కరెంటు పారనివ్వదు. కొత్తది వేసేటప్పుడు కాలే భాగాన్ని చేత్తో తాకకండి.

4. నిలబడి చూడండి, వినండి

విప్పడానికి ముందు ఒక్కసారి మామూలుగా ఆన్ చేసి గమనించండి. ఆటోమేటిక్ ఓవెన్ ఈ వరసలో నడుస్తుంది:

1. థర్మోస్టాట్ వేడి అడుగుతుంది.
2. బర్నర్ ఫ్యాన్ ఉంటే తిరుగుతుంది. గాలి వస్తోందని చెప్పే గాలి స్విచ్ కలుస్తుంది.
3. లోపల మిగిలిన గ్యాస్ పోయేదాకా కొన్ని సెకన్లు ఉత్త గాలి కొడుతుంది.
4. స్పార్క్ మొదలవుతుంది.
5. టక్‌మని గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది.
6. మంట వస్తుంది. కొద్ది సెకన్లలో దాన్ని గుర్తిస్తే స్పార్క్ ఆగి మంట కొనసాగుతుంది. గుర్తించకపోతే లాకౌట్.

ఏ అంకె దగ్గర ఆగిందో కాగితం మీద రాసుకోండి. మొదటి అంకె దగ్గరే ఆగిందంటే ఇగ్నిషన్ లోపం కాకపోవచ్చు. ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఉందేమో, టైమర్ సున్నా మీద ఉందేమో, తలుపు స్విచ్ కలవలేదేమో చూడండి. అధిక వేడికి పడిపోయే లిమిట్ థర్మోస్టాట్‌కి చిన్న ఎర్ర రీసెట్ బటన్ ఉంటుంది, చాలా ఓవెన్లలో చిన్న మూత కింద. అది పడి ఉంటే నొక్కండి, కానీ ఎందుకు పడిందో కూడా చూడాలి. లోపల వేడిగాలి తిప్పే ఫ్యాన్ ఆగిపోతే ఇదే జరుగుతుంది.

రెండో అంకె దగ్గర ఆగితే ఫ్యాన్ గాలి లాగే జాలీ మైదాపిండితో పూడుకుపోయి ఉంటుంది, లేదా గాలి స్విచ్‌కి వెళ్లే సన్న గొట్టంలో నీళ్లు నిలిచి ఉంటాయి. రెండూ శుభ్రం చేస్తే పోయేవే.

5. గ్యాస్ సరిగా వస్తోందా

సిలిండర్‌లో గ్యాస్ ఉన్నంత మాత్రాన ఓవెన్‌కి చాలినంత అందుతోందని కాదు.

ఎల్పీజీ కిలోకి సుమారు 12.8 కిలోవాట్ గంటల వేడి ఇస్తుంది. 25 కిలోవాట్ల డెక్ ఓవెన్ పూర్తి మంట మీద గంటకు దాదాపు 2 కిలోలు తాగుతుంది. ఒకే ఒక్క 19 కిలోల సిలిండర్ అంత వేగంగా ఎక్కువసేపు ఆవిరిని ఇవ్వలేదు. ద్రవం ఆవిరవుతూ సిలిండర్ చల్లబడిపోతుంది, పైన చెమట పడుతుంది, ప్రెషర్ జారుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున మొదటి ట్రే బన్నులు బాగా వచ్చి, ఆరింటికల్లా మంట నీరసపడిందంటే ఇదే కారణం. దీనికి మందు రెండు మూడు సిలిండర్లు మానిఫోల్డ్‌కి (సిలిండర్లన్నిటినీ ఒకటి చేసే పైపుకి) కలిపి వాడటం. సిలిండర్ మీద వేడినీళ్లు పోయడం, పొయ్యి దగ్గరకు జరపడం, పడుకోబెట్టడం ప్రాణాలతో చెలగాటం. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

ప్రెషర్ కొలవడం ఇలా. ప్లాస్టిక్ ట్యూబును యు ఆకారంలో స్కేలు పక్కన చెక్కకు కట్టి, సగం దాకా నీళ్లు పోయండి. గ్యాస్ వాల్వ్ మీద పరీక్ష కోసం చిన్న నిపుల్ ఉంటుంది. గ్యాస్ కట్టేసి దాని స్క్రూ వదులు చేసి, ట్యూబు ఒక కొస తగిలించి, గ్యాస్ వదలండి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా 30 సెంటీమీటర్లుంటే ప్రెషర్ దాదాపు 30 మిల్లీబార్లు. మన దగ్గర తక్కువ ప్రెషర్ (లో-ప్రెషర్) మీద నడిచే ఎల్పీజీ ఓవెన్లు చాలావాటికి కావలసింది ఈ దరిదాపుల్లోనే. ప్లేటు మీద వేరే అంకె ఉంటే ప్లేటుదే మాట.

బర్నర్ వెలగకముందు ఒకసారి, పూర్తిగా మండుతుండగా ఒకసారి కొలవండి. ఆగి ఉన్నప్పుడు 30 ఉండి, మండుతున్నప్పుడు 20కి పడిపోతే దారిలో ఎక్కడో ఇరుకైంది. హోస్ మడత, రెగ్యులేటర్, పూడిన ఫిల్టర్, చల్లబడిన సిలిండర్, ఈ వరసలో చూడండి. పరీక్ష అయ్యాక స్క్రూ బిగించి సబ్బు నీళ్లతో చూడటం మరవొద్దు.

ఈ ట్యూబు పద్ధతి లో-ప్రెషర్ లైనుకే పనికొస్తుంది. భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ ఉన్న లైనుకు తగిలిస్తే నీళ్లు ఎగిరిపోయి గ్యాస్ బయటికొస్తుంది. అసలు ఆ రెగ్యులేటర్‌ని లో ప్రెషర్ ఓవెన్‌కి తగిలించడమే పెద్ద తప్పు. మంట బర్నర్‌ని వదిలి పైకి లేచి ఆరిపోతుంది. వాల్వ్ లోపలి పొర కూడా దెబ్బతింటుంది. అప్పుడు వాల్వ్ మార్చడం తప్ప దారి లేదు.

కాకినాడ, రాజమహేంద్రవరం వైపు పైపు గ్యాస్‌కి మారేవాళ్లకు ఒక మాట. పాత ఎల్పీజీ జెట్‌లతో పైపు గ్యాస్ కలిపితే మంట పిల్లమంటగా వచ్చి, సెన్సర్‌కి తగలక లాకౌట్ పడుతుంది. తిరిగి ఎల్పీజీకి వచ్చేటప్పుడు పెద్ద జెట్‌లు మరిచిపోతే మంట ఓవెన్ బయటికి తన్నుకొస్తుంది. జెట్‌లూ ప్రెషర్ సెట్టింగూ రెండూ మారాలి, అది కంపెనీ మనిషి చేతుల మీదుగానే జరగాలి.

6. స్పార్క్ రాకపోతే, వచ్చినా అంటుకోకపోతే

గ్యాస్ కట్టేసి, షాపులో లైట్లు తీసేసి ఇగ్నిషన్ నొక్కి చూడండి. చీకట్లో స్పార్క్ ఎక్కడ పడుతోందో స్పష్టంగా కనిపిస్తుంది.

- ఎలక్ట్రోడ్ కొస నుంచి బర్నర్‌కి నీలంగా, చురుగ్గా దూకితే స్పార్క్ బాగుంది. లోపం గ్యాస్ వైపు.
- తెల్లటి పింగాణీ పక్క నుంచి దూకితే పింగాణీ పగిలింది. వెంట్రుకవాసి పగులైనా సరే, మార్చాలి. జిగురు పెట్టి అతికిస్తే నాలుగు రోజులు కూడా నిలవదు.
- వైరు మధ్యలో చిటపటలాడితే వైరు పూత పోయింది. ఎలుకలు కొరికే చోటు ఇదే. ఇన్సులేషన్ టేపు చుట్టి నడపొద్దు, వేల వోల్టులకు ఆ టేపు ఆగదు.
- ఎక్కడా లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు కరెంటు వస్తోందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. వస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. రాకపోతే కంట్రోల్ బాక్స్ వైపు వెళ్లాలి.

ఎలక్ట్రోడ్ కొసకీ బర్నర్‌కీ మధ్య ఎడం సాధారణంగా 3 నుంచి 4 మిల్లీమీటర్లు. ఎక్కువైతే దూకదు. తక్కువైతే దూకుతుంది గానీ, ఆ చిన్న రవ్వకు గ్యాస్ అందదు. కొస గ్యాస్ రంధ్రాల మీదుగా ఉండాలి, పక్కకు తిరిగి ఉండకూడదు. ట్రేలు ఈడ్చేటప్పుడు తగిలి వంగిపోయిన ఎలక్ట్రోడ్‌లే ఎక్కువ.

మన దగ్గర వేరుగా చెప్పుకోవలసింది తేమ గురించి. రాత్రి నేల కడిగిన నీళ్లు, ముసురు పట్టిన రోజుల చెమ్మ, పింగాణీ మీద పేరుకున్న మైదా, నెయ్యి మసి, ఇవన్నీ కలిసి పలచటి పొర కడతాయి. స్పార్క్ కొసదాకా వెళ్లకుండా ఆ పొర మీద పాకి ఎర్త్ అయిపోతుంది. "పొద్దున వెలగదండీ, తొమ్మిదింటికి వెలుగుతుంది" అనే ఓవెన్లు చాలావరకు ఇవే. పార్టు మార్చక్కర్లేదు. పింగాణీని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. నేల కడిగేటప్పుడు పైపుతో బర్నర్ వైపు నీళ్లు కొట్టడం మానిపించండి.

7. పైలట్ వెలుగుతుంది, నాబ్ వదిలితే ఆరిపోతుంది

థర్మోకపుల్ పోయిందని అందరూ మార్చేస్తారు. సగం సార్లు అక్కర్లేదు. ఈ వరస పాటించండి.

మొదట మంట చూడండి. పైలట్ మంట నీలంగా, నిటారుగా వచ్చి థర్మోకపుల్ కొసని పై 10 మిల్లీమీటర్ల మేర కప్పాలి. పసుపుపచ్చగా, వాలిపోయి ఉంటే పైలట్ జెట్‌లో సాలెగూడో, దుమ్మో, తుప్పో ఉంది. జెట్ విప్పి స్పిరిట్‌లో నానబెట్టి గాలి ఊదండి. సూదితో, వైరుతో పొడవకండి. ఆ రంధ్రం మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కోసింది. కాస్త పెద్దదైనా మంట తీరు మారిపోతుంది.

తర్వాత బిగింపు. థర్మోకపుల్ రెండో కొస గ్యాస్ వాల్వ్‌లోకి బిగిసి ఉంటుంది. చేత్తో తిప్పి ఆగాక స్పానర్‌తో పావు చుట్టు, అంతే. వదులైతే కలవదు. బలంగా బిగిస్తే లోపలి ఇన్సులేషన్ నలిగి, కొత్త థర్మోకపులైనా చచ్చిపోతుంది. సముద్రపు గాలి తగిలే అంతర్వేది, ఉప్పాడ వైపు ఆ మరల దగ్గర ఆకుపచ్చ చిలుము పడుతుంది. పొడి గుడ్డతో, మరీ గట్టిగా ఉంటే ఎమరీతో తేలిగ్గా తుడవండి.

ఇప్పుడు కొలత. వాల్వ్ దగ్గర కొస విప్పి, ఒకరు నాబ్ నొక్కి పట్టుకుని పైలట్ వెలిగించాలి. మల్టీమీటర్ ఎర్ర వైరు థర్మోకపుల్ చివరి బొడిపె మీద, నల్ల వైరు రాగి గొట్టం మీద. నిమిషంలో 20 నుంచి 30 మిల్లీవోల్టులు రావాలి.

- 20 దాటితే థర్మోకపుల్ మంచిది. అయినా పైలట్ నిలవకపోతే వాల్వ్‌ని తెరిచి పట్టుకునే మాగ్నెట్ పోయింది.
- 15 కన్నా తక్కువైతే మార్చండి.
- మధ్యలో ఉంటే మంట సరిచేసి, కొస మీది మసి తుడిచి మళ్లీ కొలవండి.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని షాపుకు తీసుకెళ్లండి. పొడవు, కొస లావు, వాల్వ్ వైపు మరలు మూడూ సరిపోవాలి. మరీ పొడుగుది కొని చుట్టలు చుట్టి బర్నర్ పక్కన దోపితే మొత్తం వేడెక్కి వోల్టేజీ తగ్గిపోతుంది. రెండు కొసల మధ్య వేడి తేడా ఉంటేనే అది పనిచేస్తుంది.

నాబ్‌ని స్పానర్‌తోనో తీగతోనో నొక్కి కట్టేసి బేరం నడిపించడం కొన్నిచోట్ల అలవాటు. మంట ఆరిపోతే గ్యాస్ ఆపేది ఇక ఏదీ ఉండదు. ఆ తీగ కనిపించిన క్షణమే తీసేయండి. ఆ పూట ఓవెన్ నడవకపోయినా ఫర్వాలేదు.

8. మంట వచ్చి కొన్ని సెకన్లకే లాకౌట్

ఇది బాగా తికమక పెట్టే లోపం. గోదావరి డెల్టాలో దీని వెనక ఎక్కువసార్లు ఉండేది కరెంటు.

సెన్సర్ రాడ్ మంటలో నిలబడి ఉంటుంది. కంట్రోల్ బాక్స్ దానికి వోల్టేజీ ఇస్తుంది. మంట గుండా అతి సన్నని కరెంటు, మైక్రో ఆంపియర్లలో, బర్నర్ బాడీలోకీ అక్కణ్నుంచి ఎర్త్‌లోకీ పారుతుంది. ఆ కరెంటు తిరిగి చేరితేనే "మంట ఉంది" అని బాక్స్ నమ్ముతుంది. అంటే రాడ్ శుభ్రంగా ఉండాలి, బర్నర్‌కి ఎర్త్ ఉండాలి, ఫేజ్ న్యూట్రల్ సరైన వైపున ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మంట కళ్లెదుట మండుతున్నా బాక్స్‌కి కనబడదు.

ముందు రాడ్. విప్పి సన్న ఎమరీతో మెరిసేదాకా రుద్దండి. పింగాణీ పగుళ్లు చూడండి. కొస మంటలోనే ఉందా, బర్నర్‌ని తాకుతోందా చూడండి. తాకకూడదు.

తర్వాత ప్లగ్గు దగ్గర మూడు కొలతలు:

- ఫేజ్ నుంచి న్యూట్రల్: దాదాపు 230 వోల్టులు.
- ఫేజ్ నుంచి ఎర్త్: దాదాపు అంతే.
- న్యూట్రల్ నుంచి ఎర్త్: రెండు మూడు వోల్టులు మించకపోతే మంచిది.

న్యూట్రల్, ఎర్త్ మధ్య 230 చూపిస్తే ప్లగ్గులో ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయి. చాలా బాక్సులు ఇలా ఉంటే మంటను గుర్తించవు. వైర్లు సరైన వైపుకు మార్పించండి. ఓవెన్‌ని వేరే గోడకు జరిపాక, కొత్త బోర్డు వేశాక లోపం మొదలైతే మొదట ఇదే చూడాలి.

ఫేజ్, ఎర్త్ మధ్యా న్యూట్రల్, ఎర్త్ మధ్యా రెండుచోట్లా ఏమీ చూపించకపోతే ఎర్తింగ్ లేదు. వేసవిలో ఎర్త్ గుంట ఎండిపోయినా, ఉప్పునేలలో ఎర్త్ పైపుని తుప్పు తినేసినా ఎర్త్ బలహీనపడుతుంది. ఓవెన్ వెలగడం సంగతి అటుంచి, తడిచేతులతో ట్రేలు తీసే కుర్రాళ్లకు షాక్ కొట్టే పరిస్థితి అది.

ఇక జనరేటర్. తుపాను రోజుల్లో కరెంటు పోయి జనరేటర్ వేస్తే లైట్లు, మిక్సర్, ఫ్యాన్లు అన్నీ నడుస్తాయి, ఓవెన్ ఒక్కటే లాకౌట్ అవుతుంది. కరెంటు రాగానే మళ్లీ మామూలే. బర్నర్ మెకానిక్‌కి ఇందులో లోపం కనపడదు. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపకుండా వదిలేస్తారు. ఎర్త్‌లోకి పోయిన మంట కరెంటుకి తిరిగొచ్చే దారి ఉండదు. జనరేటర్ మీద పై మూడు కొలతలూ తీసుకోండి. ఫేజ్, ఎర్త్ మధ్య 230కి బదులు వందో, నూట ఇరవయ్యో, నిలకడలేని ఏదో అంకె వస్తే అనుమానం తీరినట్టే.

దీన్ని సరిచేయాల్సింది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్. జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ని మంచి ఎర్త్‌కి కలిపి, కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్‌లో న్యూట్రల్ కూడా మారేలా పెట్టాలి. ఓవెన్ లోపల న్యూట్రల్, ఎర్త్ వైర్లను కలిపేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. న్యూట్రల్ ఎక్కడో ఊడిపోయిన రోజు ఓవెన్ ఒంటి నిండా కరెంటు ఉంటుంది.

వోల్టేజీ కూడా చూసుకోండి. చాలా కంట్రోల్ బాక్సులు 230కి 15 శాతం తక్కువ దాకా, అంటే సుమారు 195 వోల్టుల దాకా నమ్మకంగా పనిచేస్తాయి. సాయంత్రం లోడ్ పెరిగి 180కి జారే ఊళ్లలో ఓవెన్ కంట్రోల్స్‌కి విడిగా స్టెబిలైజర్ అవసరం.

9. ఢబ్‌మని ఆలస్యంగా అంటుకుంటే

వెలుగుతోంది కదా అని వదిలేసే లోపం ఇది. వదలకూడదు. గ్యాస్ ముందొచ్చి పోగై, తర్వాత అంటుకుంటోంది.

పైలట్‌కో ఎలక్ట్రోడ్‌కో దగ్గరి బర్నర్ రంధ్రాలు చూడండి. తుప్పు రేకులు, కారిపోయిన కేకు పిండి, చక్కెర పాకం వాటిని మూసేస్తాయి. వైర్ బ్రష్‌తో రుద్ది, బర్నర్‌ని తలకిందులు చేసి తట్టి, గాలి కొట్టండి. గాలి కలిసే గొట్టంలో సాలెగూళ్లు తీసేయండి. మంట పసుపు కొసలతో వస్తే గాలి తక్కువైంది, మసి పెరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. మంట బుసబుసమంటూ బర్నర్‌ని వదిలి లేస్తుంటే గాలో ప్రెషరో ఎక్కువైంది.

10. డీజిల్ బర్నర్ రోటరీ ఓవెన్లు

లాకౌట్ పడ్డాక రీసెట్ రెండుసార్లకు మించి నొక్కకండి. అంటుకోని ప్రతిసారీ డీజిల్ లోపల చిమ్ముతుంది, వేడి గదిలో ఆవిరవుతుంది. పొగగొట్టం నుంచి తెల్లటి పొగ వస్తోందంటే అదే. ఆ స్థితిలో అంటుకుంటే పేలినట్టవుతుంది.

స్పార్క్ ఉండి మంట లేకపోతే డీజిల్ రావడం లేదు. ట్యాంకు ఒకసారి ఖాళీ అయ్యాక నింపితే లైనులో గాలి ఉంటుంది, పంపు మీది స్క్రూ వదిలి గాలి తీసేయాలి. వానాకాలంలో ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. అడుగు కుళాయి తిప్పి ఒక గ్లాసు వదిలి చూడండి. ఫిల్టర్ మార్చండి. నాజిల్‌ని తోమి వాడటం కన్నా అదే గ్యాలన్ రేటు (గంటకు ఎంత డీజిల్ చిమ్ముతుందో చెప్పే అంకె), అదే కోణం ఉన్న కొత్తది వేయడం మంచిది.

మంట వచ్చి ఆగిపోతే, మంట వెలుగును పసిగట్టే ఫోటోసెల్ గాజు మీద మసి ఉంది. లాగి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

11. జూన్‌లో ముసురు పట్టకముందు ఒక పూట

- ఎలక్ట్రోడ్‌లు, సెన్సర్ రాడ్ విప్పి తుడవడం, ఎడం సరిచూడటం.
- బర్నర్ రంధ్రాలు, గాలి జాలీ శుభ్రం.
- గ్యాస్ హోస్ మీది గడువు తేదీ చూడటం. పగిలినట్టున్నా, గట్టిపడినా గడువుతో పని లేకుండా మార్చడం.
- అన్ని జాయింట్లకూ సబ్బు నీళ్లు.
- ఎర్త్ కొలతలు, కరెంటు మీదా జనరేటర్ మీదా.
- వరదనీరు చేరే వీధుల్లో సిలిండర్లు, బర్నర్ కంట్రోల్స్ ఎత్తు మీద ఉన్నాయో లేదో చూడటం. నీట మునిగిన గ్యాస్ వాల్వ్, రెగ్యులేటర్ ఆరబెట్టి వాడకూడదు, మార్చాలి.
- స్పేర్లు: ఒక థర్మోకపుల్, ఒక ఎలక్ట్రోడ్, స్పార్క్ వైరు, ఫ్యూజులు. తుపాను రోజున ఇవి కొనడానికి రాజమహేంద్రవరం వెళ్లే దారి ఉండకపోవచ్చు.

12. మెకానిక్‌ని పిలిచేటప్పుడు

గ్యాస్ వాల్వ్ లోపలి పని, ప్రెషర్ సెట్టింగ్, కంట్రోల్ బాక్స్ మార్పు మీరు చేయొద్దు. ఫోన్‌లో "వెలగడం లేదు" అనకుండా ఇవి చెప్పండి, ఒక రాకతో పని అయ్యే అవకాశం పెరుగుతుంది:

- రేటింగ్ ప్లేటు ఫొటో, కంట్రోల్ బాక్స్ మీది నంబరు.
- 4వ భాగంలోని ఏ అంకె దగ్గర ఆగింది.
- ఎప్పుడు వస్తోంది: పొద్దున మాత్రమేనా, వేడెక్కాకా, జనరేటర్ మీదా, వాన రోజునా.
- మంట ఆగి ఉన్నప్పుడూ, మండుతున్నప్పుడూ గ్యాస్ ప్రెషర్.
- థర్మోకపుల్ మిల్లీవోల్టులు లేదా ప్లగ్గు దగ్గర మూడు వోల్టేజీలు.
- ఈమధ్య ఏం మారింది: సిలిండర్, రెగ్యులేటర్, బోర్డు, ఓవెన్ చోటు.

ఆయన పని ముగించాక మీ ఎదుటే చల్లటి ఓవెన్‌ని మూడుసార్లు వెలిగించి చూపించమనండి. మండుతుండగా సిలిండర్ వాల్వ్ కట్టేస్తే మంట ఆరాక గ్యాస్ వాల్వ్ తనంతట తాను మూసుకోవాలి. థర్మోకపుల్ రకంలో ఒక నిమిషం అటూ ఇటుగా టక్‌మని చప్పుడొస్తుంది, ఆటోమేటిక్ రకంలో కొద్ది సెకన్లలో లాకౌట్ పడుతుంది. మీ ఓవెన్ రకానికి చెప్పింది జరగకపోతే పని పూర్తికాలేదు, డబ్బు ఇవ్వకముందే మళ్లీ చూడమనండి.